బొమ్మలో ఉన్న మనిషికి పేరుందా?

ఫ్రెంచి విప్లవం పాఠం వచ్చిందంటే దాని వెంట ఆ బొమ్మా వస్తుంది. ముసలి రైతు ఒకాయన నడుం వంగిపోయి, పార ఊతంగా పట్టుకుని నిలబడి ఉంటాడు. వీపు మీద ఇద్దరు ఎక్కి కూర్చున్నారు. ఒకరు మతగురువు, ఇంకొకరు కత్తి కట్టుకున్న జమీందారు. రైతు జేబులోంచి పన్నుల కాగితాలు బయటికి వేలాడుతున్నాయి. కాళ్ల దగ్గర కుందేళ్లు, పిట్టలు ఆయన పండించిన పంటను నింపాదిగా తింటున్నాయి. 1789లో ఫ్రాన్స్‌లో అచ్చై చేతులు మారిన బొమ్మ ఇది. ఇలాంటిదే ఆడవాళ్లతో కూడా ఒకటి ఉంది. అందులో పల్లెటూరి స్త్రీ వీపు మీద సన్యాసిని, దొరసాని ఉంటారు. పుస్తకాల్లో ఎందుకో మగవాళ్ల బొమ్మే వేస్తారు.

మన బడుల్లో ఇలాంటి బొమ్మలకు ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో. సాంఘిక శాస్త్రం పుస్తకంలోని తెలుగు మాత్రం ఈ రెంటికీ చెందదు. ‘భూస్వామ్య విధానం’, ‘విశేషాధికారాలు’ అన్న మాటల దగ్గర సగం తరగతి ఆగిపోతుంది. బొమ్మ దగ్గర ఎవరూ ఆగరు. కూడబలుక్కుని చదివే పిల్లవాడే ముందు చెయ్యెత్తి, ‘కుందేలు పంట తింటుంటే ఆయన తరమడేం టీచర్?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబే పాఠం. వేట జంతువుల మీద హక్కు జమీందారుది, రైతు వాటిని చంపకూడదు. పేరా మొత్తం చదివినా ఎక్కని సంగతి కుందేలు వల్ల ఎక్కుతుంది.

అయితే అచ్చుబొమ్మ చెప్పేదంతా నిజమేనా? బానిసత్వం పాఠం దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న చాలా బరువైనది అవుతుంది. ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం బానిసలు గీసినవి కావు. వాళ్ల మీద జాలి పడినవాళ్లు గీయించినవి కొన్ని, వాళ్ల చాకిరీతో బతికినవాళ్లు కొనుక్కున్నవి కొన్ని. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం పిల్లలకు నేర్పవచ్చని నా అనుభవం.

ముందుగా అచ్చుబొమ్మ అంటే ఏమిటో చెప్పాలి. పెడన కలంకారీ అచ్చు చూసిన పిల్లలకు ఇది తేలిక. చూడనివాళ్లకు బెండకాయ కోసి రంగులో ముంచి కాగితం మీద అద్దిస్తే చాలు. చెక్క మీదో రాగిరేకు మీదో బొమ్మ చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద ఒత్తుతారు. రంగుల చిత్తరువు ఒక దొర గోడ మీద ఒక్కటే ఉంటుంది. అచ్చుబొమ్మ వందలూ వేలూ వస్తుంది, చౌకగా వస్తుంది, కాఫీ దుకాణంలో అంటిస్తారు, పుస్తకంలో కుడతారు. ఫొటోలు లేని కాలంలో ప్రజలకు దూరదేశపు సంగతి తెలిసేది ఇలాగే. చెక్కినవాడు చాలాసార్లు ఆ దేశం మొహం చూసి ఉండడు. ఈ రెండో సంగతి కూడా పిల్లలకు గుర్తుండాలి.

బానిసత్వం మీద వచ్చిన అచ్చుబొమ్మల్లో లోకమంతా తెలిసింది బ్రూక్స్ ఓడ పటం. బ్రూక్స్ అన్నది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవుకు చెందిన ఓడ. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని ఎక్కించుకుని కరీబియన్ దీవుల్లో అమ్మేది. 1788లో బ్రిటిష్ ప్రభుత్వం పంపగా పారీ అనే నౌకాదళ అధికారి లివర్‌పూల్ వెళ్లి కొన్ని ఓడలను లోపల కొలిచాడు. ఆ కొలతల ఆధారంగా ప్లిమత్ ఊళ్లోని బానిస వ్యాపార వ్యతిరేక సంఘం అదే ఏడాది చివర ఒక పటం అచ్చు వేయించింది. మరుసటి ఏడు లండన్ సంఘం దాన్ని ఇంకా పెద్దదిగా, ఓడను పైనుంచీ పక్కనుంచీ కోసి చూపించినట్టు గీయించింది. నాలుగు వందలకు పైగా నల్లటి చిన్న చిన్న మనుషులు, డబ్బాలో అగ్గిపుల్లలు పేర్చినట్టు వరసగా పడుకుని ఉంటారు.

ఇందులో కొరడా లేదు, నెత్తురు లేదు, అరుపు లేదు. ఓడలు కట్టేవాళ్లు వాడే నక్షా మాదిరిగా ఉంటుంది. భయపెట్టేది అదే. మగవాడికి ఆరడుగుల పొడవు, ఒక అడుగు నాలుగు అంగుళాల వెడల్పు చోటు ఇచ్చి ఈ పటం గీశారు. ఆడపిల్లలకైతే నాలుగున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. లెక్కల మాస్టారు సాయం పట్టి, మేము ఈ కొలతల్ని సుద్దముక్కతో వరండాలో గీయించాం. మగవాడి చోటు ఎనిమిది చదరపు అడుగులు. ఇంట్లో పరుచుకునే చాపలో సగం కూడా కాదు. ఇరవై అడుగుల గదిలో, నడవడానికి దారి వదలకుండా పడుకోబెడితే యాభైమంది పడతారు. మా పిల్లల్లో ఒకరిద్దరు ఆ గీతల్లో పడుకుని చూశారు. ఒకమ్మాయి, ‘పక్కకి తిరిగితే ఇంకొకరి మీద పడతా’ అంది. అలా వారాల తరబడి సముద్రం మీద.

అసలు సంగతి ఇంకా ఉంది. 1788లో పార్లమెంటు చేసిన కొత్త చట్టం ప్రకారం బ్రూక్స్ 454 మందిని ఎక్కించుకోవచ్చు. అంటే ఈ పటంలోని కిక్కిరిసిన లెక్క, చట్టం ఒప్పుకున్న లెక్కకు దగ్గరగా ఉన్నదే. అంతకు ముందు ఒక ప్రయాణంలో ఆ ఓడ 609 మందిని తీసుకెళ్లింది. పటంలో చోటు లేని ఆ మిగతావాళ్లను ఎక్కడ పెట్టారని పిల్లలే అడుగుతారు. పక్కకు తిప్పి, ఒకరి ఒళ్లో ఒకరిని ఇరికించి పడుకోబెట్టేవాళ్లు.

ఈ కాగితం చేసిన పని తక్కువది కాదు. థామస్ క్లార్క్‌సన్ అనే ఉద్యమకారుడు దాన్ని 1789లో ప్యారిస్ తీసుకెళ్లాడు. అక్కడి నాయకుడు మిరాబో దాన్ని చూసి చెక్కతో ఓడ నమూనా చేయించుకున్నాడు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనూ అదే ఏడాది అచ్చైంది. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించడం వెనుక ఇలాంటి ప్రచారం ఎంతో ఉంది. అంతవరకూ ఒప్పుకోవాలి.

కానీ ఆ నాలుగు వందల పైచిలుకు మనుషుల్లో ఒక్కరికీ పేరు లేదు. అందరిదీ ఒకే ఒళ్లు, ఒకే మొహం. ఓడకు మాత్రం పేరుంది.

ఇదే సంఘం కోసం అంతకు ముందు, 1787లో, పింగాణీ వ్యాపారి జొసయ్యా వెడ్జ్‌వుడ్ ఒక బిళ్ల తయారు చేయించాడు. సంకెళ్లతో ఉన్న ఆఫ్రికా మనిషి ఒక మోకాలి మీద వంగి, చేతులు జోడించి పైకి చూస్తుంటాడు. నేను మనిషిని కానా, తోబుట్టువును కానా అని అడుగుతున్నట్టు చుట్టూ అక్షరాలు. ఆ బొమ్మ కాగితాల మీద అచ్చైంది, సీళ్ల మీద పడింది, దొరసానుల గాజుల్లోకీ జడపిన్నుల్లోకీ కూడా ఎక్కింది. మంచి ఉద్దేశమే. అయినా, చేతులు జోడించిన ఆ మనిషి ఎవరికి దండం పెడుతున్నాడు? బొమ్మలో ఎదురుగా ఎవరూ లేరు. బొమ్మ కొనుక్కున్న మనిషే ఎదురుగా ఉన్నాడు. దయ చూపే చోటు కొనుక్కున్నవాడిది, అడుక్కునే చోటు అతనిది. ఈ ఏర్పాటు మన తరగతి పిల్లలకు కొత్తది కాదు. స్కాలర్‌షిప్పు చెక్కు ఇచ్చే ఫొటోలో ఎవరు మధ్యలో నిలబడతారో, ఎవరు పక్కకు వంగి చెయ్యి చాపుతారో వాళ్లకు తెలుసు.

పక్కన పెట్టాల్సిన బొమ్మ ఇంకొకటుంది. బ్రూక్స్ పటం లండన్‌లో అచ్చైన 1789లోనే, అదే ఊళ్లో ఒలాదా ఎక్వియానో తన జీవితకథ ప్రచురించుకున్నాడు. తనను చిన్నప్పుడే ఆఫ్రికాలో ఎత్తుకుపోయి ఓడ ఎక్కించారని ఆయన అందులో రాశాడు. చేతులు మారి, ఓడల్లో పనిచేసి, చిన్న చిన్న బేరాలతో పైస పైస కూడబెట్టి, 1766లో యజమానికి 40 పౌండ్లు కట్టి తనను తానే కొనుక్కున్నాడు. పుస్తకం మొదట్లో ఆయన బొమ్మ ఉంటుంది. మంచి కోటు, మెడకు తెల్లటి గుడ్డ, చేతిలో తెరిచిన బైబిలు. కింద ఆఫ్రికా పేరూ, యజమాని పెట్టిన పేరూ రెండూ ఉంటాయి. ఆయన నేరుగా మన వైపు చూస్తుంటాడు. ఆ పుస్తకాన్ని ఆయనే చందాలు పోగు చేసి అచ్చు వేయించాడు. ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన బతికుండగానే తొమ్మిది ముద్రణలు వచ్చాయి.

ఒకే ఊరు, ఒకే ఏడాది. ఒక కాగితం మీద పేరులేని నాలుగు వందలమంది పడుకుని ఉన్నారు, ఇంకో కాగితం మీద పేరున్న ఒక్క మనిషి కూర్చుని మనల్ని చూస్తున్నాడు. మన పుస్తకాల్లో మొదటిదే వస్తుంది. టీచర్లు రెండోదాన్ని కూడా వెతికి గోడకు పెట్టాలని నేను గట్టిగా అంటాను. ఓడ బొమ్మ ఒక్కటే చూపిస్తే, నల్లవాళ్లంటే ఇంతే అని పిల్లవాడు అనుకుంటే తప్పు పిల్లవాడిది కాదు.

స్టెడ్‌మన్ పుస్తకం సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. జాన్ గేబ్రియల్ స్టెడ్‌మన్ దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌లో, పారిపోయి అడవుల్లో తిరగబడిన బానిసల మీద యుద్ధానికి వెళ్లిన సైనికుడు. ఆయన గీసుకొచ్చిన బొమ్మల్ని లండన్‌లో రాగిరేకుల మీద చెక్కారు. వాటిలో పదహారింటిని చెక్కింది కవి విలియం బ్లేక్. పుస్తకం 1796లో వచ్చింది. అందులో కొరడా దెబ్బల బొమ్మ ఉంది, పక్కటెముకలకు కొక్కెం తగిలించి వేలాడదీసిన మనిషి బొమ్మ ఉంది. హైస్కూలు పిల్లలకు నేను వీటిని చూపించను. వాళ్లు తట్టుకోలేరని కాదు. అవి చూశాక ఇంకేదీ చూడరు. నొప్పి ఒకటే మిగులుతుంది, మనిషి మిగలడు.

అదే పుస్తకంలో అందరూ తిప్పేసే బొమ్మ ఒకటుంది. లోవాంగో ప్రాంతం నుంచి వచ్చిన బానిస కుటుంబం. భర్త దగ్గర వల, చేపలు. భార్య నెత్తిన పళ్ల బుట్ట. పిల్లలు. అందరూ దుక్కల్లా ఉన్నారు, ఎవరి మొహంలోనూ బాధ లేదు. మన ఊరి సంతకు వెళ్తున్న సంసారంలా ఉంటుంది. భర్త రొమ్ము మీద మాత్రం చిన్న గుర్తులున్నాయి. జె, జి, ఎస్. కాల్చిన ఇనుముతో వేసిన ముద్ర. ఎవరి సొత్తో తెలియడానికి యజమాని పేరులోని అక్షరాలు. ఆ అక్షరాలు జాన్ గేబ్రియల్ స్టెడ్‌మన్‌వే! బానిసల బాధ చూసి కరిగిపోయానని రాసిన రచయిత తన పేరును ఆ మనిషి ఒంటి మీద ఉంచాడు. ఈ బొమ్మలో కొరడా బొమ్మను మించిన క్రూరత్వం ఉందని నా అభిప్రాయం. ఆ అక్షరాలు వెతికి పట్టుకోమని పిల్లలకు వదిలేయండి, చెప్పకండి.

పుస్తకం చివర బ్లేక్ చెక్కిన మరో బొమ్మలో ముగ్గురు స్త్రీలు ఒకరి నొకరు పట్టుకుని నిలబడతారు. వాళ్లు యూరప్, ఆఫ్రికా, అమెరికా. అక్కచెల్లెళ్లలా ఉన్నారే అనిపిస్తుంది. మధ్యలో యూరప్ మెడలో పూసల దండ. అటూ ఇటూ ఉన్న ఇద్దరి దండలకూ కడియాలు. పేరు చూస్తే, యూరప్‌ను మిగతా ఇద్దరూ మోస్తున్నారని అర్థం వచ్చేలా ఉంది. ఫ్రాన్స్ రైతు వీపు మీద ఇద్దరు కూర్చుంటే అన్యాయమని బొమ్మ అరిచి చెప్పింది. ఇక్కడ మోయడం ఆలింగనంలా కనిపిస్తుంది.

తోటల యజమానులకు నచ్చే బొమ్మలూ ఉన్నాయి. 1823లో విలియం క్లార్క్ ఆంటిగ్వా దీవి చెరుకు తోటలను పది దృశ్యాలుగా వేశాడు. చెరుకు నాటడం, కొట్టడం, బెల్లం కాచినట్టు రసం కాయడం, పీపాలు ఓడకెక్కించడం. పని ఎలా జరిగేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి బొమ్మలు దొరకవు. ఆకాశం నీలంగా, బట్టలు తెల్లగా, వరసలు తీరుగా ఉంటాయి. చెరుకు ఆకు కోస్తే చేతులెలా ఉంటాయో మన ప్రాంతాల పిల్లల్లో చాలామందికి తెలుసు, ఆ మాట వాళ్లనే చెప్పనివ్వండి. ఇక హైతీలో బానిసలు తిరగబడి 1804లో సొంత దేశం తెచ్చుకున్నారు. వాళ్ల నాయకుడు టూసాన్ లూవెర్త్యూర్ గుర్రం మీద కత్తి దూసి ఉన్న బొమ్మలు యూరప్‌లో తిరిగాయి. మోకాళ్ల మీది మనిషి పక్కన ఆ బొమ్మ పెట్టి చూడండి.

బానిసల ఓడ అంటే అట్లాంటిక్ సంగతే అనుకుంటారు పిల్లలు. అట్లాంటిక్ మీద మూడున్నర శతాబ్దాల్లో కోటీ పాతిక లక్షలమందిని ఎక్కించారని చరిత్రకారుల లెక్క. ఒడ్డు చేరింది కోటీ ఏడు లక్షలు. కానీ 17వ శతాబ్దంలో డచ్ కంపెనీ మన పులికాట్ నుంచి కూడా, కరవు వచ్చినప్పుడల్లా మనుషుల్ని కొని బటావియాకు తోలింది. అంటే నేటి జకార్తాకు. పులికాట్ సరస్సు చూడటానికి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లే బడులు పక్షుల గురించి చెబుతాయి. ఇదీ ఒక మాట చెప్పవచ్చు. ఆ ఓడల్ని లోపల కొలిచి గీసిన పటమేదీ మన పుస్తకాల్లో లేదు.

మన సమాజంలోని ఎక్కువతక్కువల్ని యూరప్ చిత్రకారులు ఎలా అచ్చు వేశారో చూస్తే మరో రకం మౌనం కనిపిస్తుంది. పియర్ సోనెరా అనే ఫ్రెంచి యాత్రికుడి పుస్తకం 1782లో ప్యారిస్‌లో వచ్చింది. ఈయన తర్వాత యానాంలో ఫ్రెంచి అధికారిగానూ ఉన్నాడు. అందులో కోరమండల తీరపు కులాలు, చేతివృత్తుల బొమ్మలు ఉన్నాయి. 1790ల్లో కలకత్తాలో సోల్విన్స్ 250 బొమ్మలు అచ్చు వేశాడు. ఈ ధోరణి బొమ్మల్లో ఒక్కో కాగితం మీద ఒక్కో కులం, ఒక్కో పనిముట్టు. సీతాకోకచిలుకల్ని గుండుసూదులతో గుచ్చి పెట్టినట్టుంటుంది. ఎవరు ఎవరికి బాకీ, ఎవరి వాకిట్లో ఎవరు నిలబడకూడదు అన్నది వాటిలో కనిపించదు. విడివిడి కాగితాలు కదా, ఇద్దరి మధ్య ఏముందో చూపించే అవసరమే రాలేదు.

ఈ పాఠం మన తరగతిలో ఎప్పుడూ పుస్తకంలో ఆగదు. బ్రిటిష్ ఇండియాలో బానిసత్వానికి చట్టం అండ 1843లో పోయింది. వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది 1976లో. మధ్యలో ఉన్న కాలం మన పిల్లల తాతలది. ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి, ‘మా తాత కూడా అప్పుకి జీతం ఉండినాడు’ అని చెప్పింది. తరగతి అంతా ఆమె వైపు తిరిగింది. నేను ఆ మాట బోర్డు మీద రాయలేదు, ఇంకా చెప్పమని అడగలేదు. సరేనమ్మా అని ఎక్వియానో బొమ్మ దగ్గరికి వెళ్లాను. తర్వాతి తల్లిదండ్రుల సమావేశానికి వాళ్లమ్మ వచ్చింది. ‘మా మామ గురించి చెప్పిందంట గదా టీచర్. జీతం ఉండినాడు నిజమే. అదొకటే తెలిస్తే ఎట్ల? మా ఊర్లో కోలాటం నేర్పింది ఆయనే. ముప్పైమందికి నేర్పినాడు’ అంది. అమ్మాయికి ఆ సంగతి తెలియదట. ఇంటికెళ్లి చెప్పమన్నాను, తరగతిలో చెప్పడమూ మానడమూ అమ్మాయి ఇష్టం.

టీచర్లకు ఒక మాట. ఈ పాఠం రోజు ‘మీలో ఎవరింట్లో ఇలా జరిగింది?’ అని అడగవద్దు. పిల్లవాడిని తరగతి ముందు బొమ్మగా నిలబెట్టినట్టవుతుంది. వాడంతట వాడు చెబితే వినండి, జాలి పడకండి. తల్లిదండ్రులు కొందరు, ఇంత చిన్నవాళ్లకు ఇవన్నీ ఎందుకంటారు. నిజానికి పిల్లలకు తెలియంది అన్యాయం కాదు. దాన్ని గురించి మాట్లాడే భాష తెలియదు. ఆ భాష ఇంటి తెలుగులో దొరికితే అంతకంటే ఏం కావాలి.

ఎన్‌సీఈఆర్‌టీ 2006 నాటి తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఒక బొమ్మ ఉంది, యానాం టీచర్లకు మరీ పనికొస్తుంది. ఫ్రాన్స్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసిన 1794 నాటిది. ఫ్రెంచి స్త్రీ ఒకామె విముక్తులైనవాళ్లకు యూరప్ బట్టలు ఇవ్వబోతుంటుంది. స్వేచ్ఛ వచ్చిందంటే వాళ్లలా బట్టలు కట్టుకోవడమా అన్న ప్రశ్న ఆ పుస్తకమే లేవనెత్తింది, మెచ్చుకోవాలి. దానికి మరో రెండు తేదీలు చేర్చండి. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. ఫ్రెంచి వలసల్లో అది చివరికి పోయింది 1848లో. మారిషస్ దీవి తోటల యజమానులైతే 1794 నాటి రద్దును అమలు కానివ్వనే లేదు. తర్వాత బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చిన అదే దీవికి, 1830ల్లో బానిసలు విడుదలయ్యాక, చెరుకు కొట్టడానికి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో విశాఖ, గోదావరి తీరాల తెలుగువాళ్లు ఉన్నారు. బ్రిటన్ తన బానిస యజమానులకు నష్టపరిహారంగా ఇచ్చింది రెండు కోట్ల పౌండ్లు. దానికోసం చేసిన అప్పు తీరింది 2015లో. బానిసలకు ఇచ్చింది ఏమీ లేదు.

ఈ బొమ్మలన్నీ పాతవి, కాపీరైటు లేనివి. బ్రిటిష్ లైబ్రరీ, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల నెట్‌లో దొరుకుతాయి. ఎక్కువ భాగం నలుపు తెలుపే కాబట్టి రంగు ప్రింటు అక్కర్లేదు, బడి పక్కన జిరాక్స్ షాపు చాలు. కింద వివరణ తెలుగులో పిల్లల చేతే రాయించండి. బ్రూక్స్ పటాన్ని మాత్రం ఏ4 కాగితం మీద తీయించవద్దు, ఏ3 అడగండి. చిన్న కాగితం మీద మనుషులు గీతలైపోతారు.